స్టకాటో: స్వరాన్ని ఎప్పుడు వదలాలి

(కర్ణాటక సంగీతం నేర్చుకుని, ఇప్పుడు కీబోర్డు, పాశ్చాత్య వయొలిన్ సాధన చేస్తున్న విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. వాయించి చూపిన చోట్లు కుండలీకరణాల్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందుగా ఈ వరుస ఒకసారి పాడండి. స స గ గ, ప ప గా. మమ రిరి, కింది స్థాయి నిని, పా. శంకరాభరణమే, గమకం లేదు. ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1791లో వాద్యబృందానికి రాసిన 94వ సింఫనీలో రెండో భాగం ఇలాగే మొదలవుతుంది. ఆరు చిన్న స్వరాలు, ఏడోది వాటికి రెట్టింపు. మళ్ళీ అదే లెక్క. ఆ చిన్న స్వరాల మీద చుక్కలుంటాయి. మొదట మెల్లగా వాయిస్తారు. తర్వాత ఇంకా మెల్లగా, కింది తీగవాద్యాలు మీటుతుండగా. ఆపైన వాద్యబృందమంతా ఒక్కసారిగా పిడుగులా పడుతుంది. ఆ పిడుగు గురించి అందరూ మాట్లాడుకుంటారు. ఇవాళ మనకు పని దానికి ముందున్న చుక్కలతో. ఆ చుక్కలు చెప్పేదే స్టకాటో, అంటే స్వరాన్ని పూర్తిగా పట్టకుండా పొట్టిగా, విడిగా వాయించడం.

(కీబోర్డు మీద రెండు విధాలుగా వాయించారు.)

రెండింటిలో రెండోది బాగుందన్నారు. మొదటిదానిలో ఏముంది? స్వరాలు పొట్టిగానే ఉన్నాయి. కానీ ప్రతిదీ పొడిచినట్టుంది, పైగా నాలుగో బార్‌కి (స్వరలిపిలో నిలువు గీతల మధ్య గడికి) వచ్చేసరికి కాలం ముందుకు జరిగిపోయింది. ఏడో స్వరాన్ని, అంటే పెద్దదాన్ని కూడా, ఆ ఊపులోనే తుంచేశాను. స్టకాటో నేర్చుకునేవారు చేసే తప్పులు దాదాపు ఇవే: గట్టిగా కొట్టడం, పరుగెత్తడం, చుక్క లేనిదాన్ని కూడా పొట్టి చేయడం. మూడూ ఒకే అపోహ నుంచి వస్తాయి. చుక్క కనబడగానే అది ఎలా కొట్టాలో చెబుతోందనుకుంటాం. చుక్కకు స్వరం మొదలుతో పనిలేదు, అది స్వరం ఎక్కడ ఆగాలో చెబుతుంది. ఎంత బలంగా అన్న సంగతి పియానో (మెల్లగా), ఫోర్టే (గట్టిగా) గుర్తులు చెబుతాయి. స్వరం మొదలును నొక్కి వాయించమనడానికి పక్కకు తిరిగిన బాణపు మొన లాంటి గుర్తు వేరే ఉంది. రెండు గుర్తులూ ఒకే స్వరం మీద ఉంటే రెండు పనులూ చేయాలి. చుక్క ఒక్కటే ఉంటే ఒక్క పనే.

కాగితం మీద ఏముందో తేల్చుకుందాం, ఇక్కడ తికమకకు చోటుంది. స్వరం తలకాయ పైన గానీ కింద గానీ చుక్క ఉంటే స్టకాటో. మామూలుగా కాడ ఎటుంటే దానికి ఎదురువైపు పెడతారు. తలకాయ పక్కన, కుడివైపు చుక్క ఉంటే అది వేరే వ్యవహారం, స్వరం నిడివి ఒకటిన్నర రెట్లవుతుంది. ఒకటి తగ్గించేది, ఇంకొకటి పెంచేది. ఫోటోకాపీ సరిగా లేనప్పుడు ఈ రెండూ కలిసిపోవడం తరచు జరుగుతుంది. చుక్క బదులు నిలువు గీత గానీ కింద మొన ఉన్న చిన్న త్రిభుజం గానీ ఉంటే ఇంకా పొట్టిగా, పాఠ్యపుస్తకాల లెక్కన నాలుగో వంతు. చుక్కలన్నిటినీ కలుపుతూ పైన ఒక స్లర్ గీత (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీత) ఉంటే ముప్పావు వంతు మోగించి, కొద్దిగా విడదీయాలి. దీన్ని పోర్టాటో అంటారు. చుక్కా అడ్డగీతా కలిపి ఉన్నా దాదాపు ఇదే, కాకపోతే కొంచెం బరువు వేస్తారు.

ఈ భిన్నాలు మనవాళ్ళకు నోటికి రావాలంటే గతి ఉండనే ఉంది. ఒక క్రాచెట్‌ని (ఒక దెబ్బంత నిడివి స్వరాన్ని) చతురశ్రంగా తకధిమి అనుకోండి. నాలుగక్షరాలూ మోగితే లెగాటో, అంటే తెగకుండా కలిపి వాయించడం. 'తకధి' మోగి 'మి' ఖాళీగా ఉంటే పోర్టాటో. 'తక' మోగి 'ధిమి' ఖాళీ అయితే స్టకాటో. 'త' ఒక్కటే మోగితే త్రిభుజం గుర్తు. మెట్రోనోమ్ (కాలం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టండి. క్రాచెట్ ఒక సెకను. స్టకాటో అర సెకను మోగుతుంది, అర సెకను మౌనం. మెట్రోనోమ్ 120కి తీసుకెళ్తే మోత పావు సెకనే. అదే వేగంలో సెమీక్వేవర్లు (క్రాచెట్‌లో నాలుగో వంతు స్వరాలు) వచ్చాయనుకోండి, ఒక్కొక్కటి సెకనులో ఎనిమిదో వంతు, సగమంటే పదహారో వంతు. అంత చిన్న మోతను చేత్తో కొలిచి ఎవరూ ఆపరు. అక్కడ స్టకాటో అంటే ప్రతి స్వరం మొదలు తేటగా విడిగా వినబడడమే.

అందుకే సగం అన్న లెక్కను మొదటి అడుగుగా తీసుకోండి, శాసనంగా కాదు. నెమ్మది కాలంలో పెద్ద స్వరం మీద చుక్కుంటే సరిగ్గా సగం మోగించినా అది విడిస్వరంలా వినబడదు, మామూలు చిన్న స్వరమూ ఒక విరామమూ అన్నట్టుంటుంది. అక్కడ ఇంకా తగ్గించాలి. ఇది కొత్త సంగతేం కాదు. జర్మన్ స్వరకర్త కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ బాఖ్ 1753లో కీబోర్డు వాదన మీద రాసిన గ్రంథంలో, విడిగా వాయించే స్వరాలను వాటి నిడివిలో సగానికి కొంచెం తక్కువగా పట్టి ఉంచాలన్నాడు. స్వరం పెద్దదా చిన్నదా, కాలం వేగమా నిదానమా, బలమా మృదువా చూసుకోమని కూడా చెప్పాడు. ఇంకో మాట కూడా ఉంది: లెగాటో, స్టకాటో ఏ గుర్తూ లేని మామూలు స్వరాలను సగం నిడివి పడతారు, పూర్తిగా పట్టాలంటే ఆ సంగతి పైన రాస్తారని. అంటే ఆయన కాలంలో మామూలు స్వరమే మన చెవికి విడిగా వినబడేది. పియానో విద్వాంసుడు క్లెమెంటి 1801లో పియానో పాఠాలు అచ్చు వేసేనాటికి ఇది తిరగబడింది. గుర్తు లేకపోతే కలిపి వాయించడమే మేలన్నాడు. చుక్క విలువ దాని చుట్టూ ఉన్న మామూలు స్వరాన్ని బట్టే తేలుతుంది. చుట్టూ ఉన్నవన్నీ పొడిపొడిగా వాయించేసి చుక్క దగ్గర ఇంకేం చేస్తారు?

ఇక చుక్కకీ గీతకీ తేడా ఉందా లేదా అన్నది పాత రచనల్లో పెద్ద పేచీ. చాలామంది రాతప్రతుల్లో కలం కదలికను బట్టి చుక్క కాస్తా సాగి గీతయ్యేది. ఇమాన్యుయెల్ బాఖ్ అయితే రెండూ ఒకటేనని, తన ఉదాహరణల్లో గీత పెడితే వేలి అంకె 1 అనుకుంటారని చుక్క ఎంచుకున్నానని రాశాడు. బీతోవెన్ ధోరణి వేరు. 1825లో తన ఓపస్ 132 క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాల రచన) ప్రతుల గురించి వయొలిన్ విద్వాంసుడు కార్ల్ హోల్జ్‌కి రాసిన ఉత్తరంలో, చుక్క ఉన్నచోట గీత పెట్టకూడదు, గీత ఉన్నచోట చుక్క పెట్టకూడదు అని గట్టిగా చెప్పాడు. కాబట్టి ఎవరి రచనో చూడండి, ఏ ప్రచురణో చూడండి. హైడన్ వరుసలో ఆ ఏడో స్వరం మీద చుక్క ఉందో లేదో మీ దగ్గరున్న ప్రతిలో చూసుకోండి. లేకపోతే దాన్ని పూర్తిగా పట్టండి. ఆ ఒక్క నిండు స్వరం వల్లే ముందున్న ఆరూ పొట్టివని తెలుస్తుంది.

పరుగు సంగతి. స్వరం ఆగిన తర్వాత మిగిలిన ఖాళీ కూడా తాళంలోదే. చేతికి పని అయిపోయింది కదా అని మనసు తర్వాతి స్వరానికి దూకుతుంది. 'ధిమి' మింగేస్తారు. దీనికి మందు ఒకటే, మౌనాన్ని నోటితో పలకడం. క్రాచెట్ స్టకాటో ఉన్నచోట కాగితం మీద క్వేవరూ (క్రాచెట్‌లో సగం) క్వేవర్ విరామమూ రాసుకోండి. వాయిస్తూ తకధిమి పూర్తిగా పలకండి, 'ధి' అన్న క్షణానే చెయ్యి వదలాలి. మెట్రోనోమ్‌ని క్రాచెట్‌కి కాకుండా క్వేవర్‌కి కొట్టించండి. మొదటి దెబ్బకు స్వరం మొదలు, రెండో దెబ్బకు స్వరం ఆఖరు. రెండో దెబ్బకు ఏమీ వినబడకూడదు. రెండు వారాలు సరళి వరుసలు ఇలా చేస్తే చాలావరకు దారిలో పడుతుంది. తాళం వేస్తూ పాడడం వచ్చినవాళ్ళకు ఇంకా త్వరగా వస్తుంది, ఎందుకంటే విసర్జితంలో చెయ్యి ఖాళీగా తిరిగినా కాలం నడుస్తూనే ఉంటుందని వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. స్వరాన్ని ఆపేది ఎవరు? ప్రతి వాద్యంలో జవాబు వేరు, కష్టం కూడా వేరు.

పియానోలో మీరు కీ నొక్కగానే సుత్తి తీగను కొట్టి వెనక్కి పడిపోతుంది. కీ అడుగుకు తగిలే ముందే సుత్తి మీ వేలి పట్టు నుంచి విడిపోతుంది. కీ లోతు మొత్తం సుమారు ఒక సెంటీమీటరు. అడుగు తాకాక మీరు ఎంత బలం పెట్టినా ధ్వని మారదు, వేలే నొస్తుంది. తీగను ఆపేది డాంపర్, అంటే ఉన్ని మెత్త. కీ పైకి లేస్తుంటే, పూర్తిగా లేవకముందే అది తీగ మీద కూర్చుంటుంది. అందుకని స్టకాటో కోసం చేతిని అడుగు ఎత్తున ఎగరేయక్కర్లేదు. కీ తనంతట తానే లేస్తుంది, మీరు అడ్డం తప్పుకుంటే చాలు. వేలు కీ మీదే ఉండి లోపలికి, అరచేతివైపు కొద్దిగా గీరినట్టు జరిగితే వేలి స్టకాటో. వేగంగా, మృదువుగా ఉండే వరుసలకు అది. రెండు మూడు స్వరాలు కలిపి వాయించే చోట, మధ్యమ కాలంలో, మణికట్టు నుంచి. ఒకేసారి నొక్కే బరువైన స్వరాల గుత్తులకు (కార్డులకు) ముంజేయి. ఏది వాడినా కీ ఉపరితలం నుంచే మొదలుపెట్టండి. పైనుంచి వేలు పడితే గోటి చప్పుడు, కీ అడుగు చప్పుడు స్వరంతో కలుస్తాయి. మెల్లగా వాయించే చోట ఆ టకటకలే ముందు వినబడతాయి.

(వాయించి చూపారు: వేలు పైనుంచి పడినప్పుడు, కీ మీద నుంచి మొదలైనప్పుడు.)

పియానోలో ఇంకో రెండు సంగతులు. పై స్థాయి చివర్లో ఒకటిన్నర సప్తకం దాకా డాంపర్లే ఉండవు. అక్కడ ఎంత తొందరగా వదిలినా స్వరం దానంతట అదే చల్లారాల్సిందే. కాబట్టి ఆ పైన స్టకాటో అనేది మెల్లగా కొట్టడం మీద ఆధారపడుతుంది. మంద్రంలో తీగలు లావు, డాంపర్ పడ్డాక కూడా కాసేపు కదులుతాయి. కుడిచేతికి సమానంగా వినబడాలంటే ఎడమచెయ్యి కొంచెం ముందే వదలాలి. రెండు చేతులూ ఒకేసారి వదిలి, ఎడమచేతి స్వరాలు బురదలా ఉన్నాయని వాపోయేవాళ్ళు ఇది గమనించాలి. కుడి పెడల్ తొక్కి ఉంటే డాంపర్లన్నీ పైనే ఉంటాయి, చుక్కలకు అర్థం లేకుండా పోతుందనుకుంటారు. పూర్తిగా కాదు. పెడల్‌తో స్టకాటో రాసినచోట చెయ్యి వదిలే తీరు వల్ల దెబ్బ తేలికవుతుంది, స్వరం గాల్లో తేలుతుంది. కానీ అది పై తరగతుల పని. మొదటి రెండేళ్ళూ స్టకాటో సాధనలో కాలు నేలమీదే ఉంచండి.

మీలో ఎక్కువమంది దగ్గర ఉన్నది 61 కీల ఎలక్ట్రానిక్ కీబోర్డు. దానికి దాని బాధలున్నాయి. ముందు సస్టెయిన్ బటన్ (వదిలాక కూడా స్వరాన్ని సాగదీసేది) ఆపండి, రెవెర్బ్ (ప్రతిధ్వని) తగ్గించండి. చాలా కీబోర్డుల్లో స్టకాటో రావడం లేదనే ఫిర్యాదు ఇక్కడితోనే తీరిపోతుంది. తర్వాత పియానో టోన్ బదులు ఆర్గన్ టోన్ పెట్టండి. పియానో స్వరం దానంతట అదే తగ్గిపోతుంది కాబట్టి ఆలస్యంగా వదిలినా తెలియదు. ఆర్గన్ స్వరం వదిలేదాకా ఒకే బలంతో మోగుతుంది. ఒక వేలు ఎక్కువసేపు, ఒక వేలు తక్కువసేపు పట్టుకున్నా బయటపడిపోతుంది. ముఖ్యంగా నాలుగో వేలు ఆలస్యంగా లేస్తుంది, బొటనవేలు బరువుగా అతుక్కుంటుంది. హార్మోనియం ఉంటే అదీ ఇందుకు పనికొస్తుంది.

వయొలిన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఒక స్వరానికి ఒక కమాను చొప్పున మార్చి వాయిస్తే అది స్టకాటో అయిపోదు. కమాను దిశ మారినా ధ్వని తెగకపోతే అది మామూలు కలిపిన వాదనే. తెగాలంటే రెండే దారులు: కమాను తీగ మీదే ఆగాలి, లేదా తీగ వదిలి లేవాలి. రెండింటికీ మోత వేరు.

తీగ మీదే ఆపే పద్ధతిని మార్టెలే అంటారు. పని మూడు దశల్లో ఉంటుంది, వరుస తప్పకూడదు. కమాను పై సగంలో, మొనకూ మధ్యకూ నడుమ, తీగ మీద ఆనించండి. చూపుడువేలు వైపు చెయ్యి కొద్దిగా తిప్పి తీగను పట్టుకోండి. ఎంత పట్టాలంటే, కమానుని కదిపితే తీగ దానితో పాటు పక్కకు జరగాలి, కానీ మోగకూడదు. ఇది మొదటి దశ, ఇది మౌనంలోనే జరగాలి. రెండో దశలో కమాను చురుగ్గా కదులుతుంది, కదిలిన క్షణంలోనే పట్టు వదులవుతుంది. ఒక జానెడు లోపే కదలిక. మూడో దశ, కమాను తీగ మీద నిలిచిపోవడం. నిలిచాక తర్వాతి స్వరానికి మళ్ళీ పట్టు. పట్టు వదలకుండా కదిపితే గీరిన చప్పుడు వస్తుంది. పట్టు లేకుండా కదిపితే ఈల వేసినట్టు పలచగా వస్తుంది. పట్టు ముందే వదిలేసి కదిపినా అదే ఈల. సాధన చేసేటప్పుడు మొదట స్వరానికి నాలుగు సెకన్లు తీసుకోండి: మూడు సెకన్లు పట్టు సరిచూసుకోవడానికి, నాలుగోది వాయించడానికి. వేగం తర్వాత.

కమానుని లేపే పద్ధతి స్పికాటో. వయొలిన్ కమాను బరువు సుమారు 60 గ్రాములు, పొడవు 74, 75 సెంటీమీటర్లు. దాన్ని వేలి మీద నిలబెడితే పట్టుకునే చివర నుంచి దాదాపు 25 సెంటీమీటర్ల దగ్గర సమంగా తూగుతుంది. ఆ తూగే చోటికీ మధ్యకీ నడుమ స్పికాటో బాగా వస్తుంది. నెమ్మదిగా కావాలంటే తూగే చోటికి దగ్గరగా, వేగంగా కావాలంటే మధ్యవైపు. కమానుని ఊయలలా చిన్న చాపంలో ఊపండి. చాపం అడుగున తీగ తగులుతుంది. లేచే ఎత్తు ఒక సెంటీమీటరు లోపే. పైకి కిందకి కొట్టేవాళ్ళకు తీగ చప్పుడు తప్ప స్వరం రాదు, ఎందుకంటే తీగను మోగించేది పక్కకు జరిగే కదలిక. స్వరం కావాలంటే పక్కకు ఎక్కువ, పైకి తక్కువ. ఇంకా వేగం పెంచి, సెమీక్వేవర్లు 120 దాటాక, మీరు ఎగరేయడం మానేయండి. కమాను మధ్యలో, మణికట్టుతో చిన్న చిన్న కదలికలు చేస్తే కర్ర స్ప్రింగుదనమే దాన్ని ఎగరేస్తుంది. సోటియే అంటే అదే. ఈ పద్ధతులకు నేటి కమాను ఆకారం తోడ్పడుతుంది. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో ఫ్రాన్స్వా టూర్ట్ స్థిరపరిచిన లోపలికి వంగిన కర్ర అది. దానికి ముందు వాడిన బరోక్ కమాను దానంతట అదే స్వరాలను విడదీసేది, మొన దగ్గర తేలిక కాబట్టి.

కమాను వెంట్రుకలు మరీ బిగిస్తే అది తన ఇష్టం వచ్చినట్టు ఎగురుతుంది. మధ్యలో కర్రకూ వెంట్రుకలకూ నడుమ పెన్సిలంత సందు ఉంటే చాలు. గమకాల కోసం ఎడమ వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే ఆ నూనె కమాను తగిలే చోటికి పాకకుండా చూసుకోండి. నూనె తగిలిన వెంట్రుక తీగను పట్టదు, మార్టెలే అసలే రాదు.

కింద కూర్చుని వాయించేవాళ్ళకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది కనుక తీగలు కిందికి వాలి ఉంటాయి. కమాను తీగ వదిలి లేచిన ప్రతిసారీ ఆ వాలున జారి వేళ్ళవైపు దిగుతుంది. పది స్వరాలు వాయించేసరికి అది వేళ్ళపలక మీదకు చేరి మోత బోలుగా మారుతుంది. కొద్దిగా వంతెనవైపు లాగుతున్నట్టు వాయించాలి, లేదా ఆ భంగిమలో స్పికాటో తగ్గించి మార్టెలే వాడుకోవాలి. నా మట్టుకు రెండోదే ఇష్టం.

శ్రుతి సంగతి కూడా చూడండి. మనవాళ్ళు తీగలను స ప స ప గా కడతారు. షడ్జం, పంచమం వేలితో పట్టి వాయించినా పక్కనున్న ఖాళీ తీగలు తోడు మోగుతాయి. హైడన్ వరుసలో ససలు, పపలు గుమ్మని సాగి, గగలు, రిరిలు పొట్టిగా ఉంటే కారణం మీ కుడిచెయ్యి కాకపోవచ్చు. ఆ స్వరాలను కమాను తీగ మీదే ఆపి ముగించండి. ఖాళీ తీగ మీదే వాయించాల్సి వస్తే, లేపే స్టకాటో అక్కడ పనికిరాదు, కమాను లేచాక కూడా తీగ మోగుతూనే ఉంటుంది. పక్క తీగ మీద వేలితో అదే స్వరం తీసుకోండి.

ఎడమచేతి పని ఇంకా ముఖ్యం. గమకానికి అలవాటుపడిన వేలు స్వరంలోకి జారుతూ వస్తుంది. స్టకాటోలో ఆ జారు వినబడితే స్వరం మొదలు మసకబారుతుంది. వేలు ముందు, కమాను తర్వాత. మౌనం ఉన్నది ఇందుకే: 'ధిమి'లో వేలు తర్వాతి స్వరం మీద కూర్చోవాలి, 'త' అనగానే కమాను కదలాలి. దీనికి సాధన కావాలంటే ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో యూరోపియన్ విద్వాంసుడి దగ్గర వయొలిన్ నేర్చాడు. దీక్షితులు పాశ్చాత్య వరుసలకు సంస్కృతంలో కూర్చిన నోట్టుస్వర సాహిత్యాలు శంకరాభరణ స్వరాల్లో, గమకం లేకుండా సాగుతాయి. బ్రిటిష్ రాజగీతం వరుసకు కూర్చిన 'సంతతం పాహిమాం' తీసుకోండి. ఒకసారి కలిపి, ఒకసారి 'తక' లెక్కన, ఒకసారి 'తకధి' లెక్కన వాయించండి. వరుస తెలిసిందే కాబట్టి చెవి మొత్తం స్వరాల నిడివి మీద పెట్టవచ్చు.

గాలి వాద్యాలు త్వరగా చెబుతాను. పాశ్చాత్య ఫ్లూట్‌లో, క్లారినెట్‌లో నాలుక స్వరాన్ని మొదలుపెడుతుంది: తు, తు, తు. పొత్తికడుపు నుంచి గాలి ఒత్తిడి మాత్రం ఆగకూడదు. ప్రతి స్వరానికి గాలి ఆపి మళ్ళీ ఊదితే ఫ్లూట్‌లో శ్రుతి దిగుతుంది, క్లారినెట్‌లో కీచుమంటుంది. క్లారినెట్ వేగంగా వాయిస్తే నాలుక రీడ్‌ను (ఊదే చోట ఉండే పలచని బద్దను) తాకడంతో ఒక స్వరం ఆగుతుంది, వదలడంతో తర్వాతిది మొదలవుతుంది. రీడ్ మొనకు కొంచెం కింద, నాలుక కొనతో తేలిగ్గా తాకితే చాలు. దవడ కదుపుతూ నమిలినట్టు వాయించేవారికి ఒక్కో స్వరం ఒక్కో శ్రుతిలో ఉంటుంది. అద్దం ముందు వాయించి చూసుకోండి, గడ్డం కదలకూడదు. ఇంకా వేగం కావాలంటే ఫ్లూట్‌లో తు-కు, తు-కు. మొదట్లో 'కు' బలహీనంగా ఉంటుంది. కొన్నాళ్ళు ఒట్టి 'కు'లతోనే సరళి వరుసలు వాయిస్తే రెండూ సమానమవుతాయి. వేణువు వాయించేవారికి వేళ్ళతో, శ్వాసతో విడదీయడం అలవాటు. వాళ్ళు ఈ 'తు'ని వేరే విద్యగా నేర్చుకోవాల్సిందే.

గాత్రంలో గొంతు బిగించి తుంచడం వల్ల వారంలోనే గొంతు రాసుకుపోతుంది. 'హ హ హ' అని నవ్వినట్టు పొట్ట నుంచి మొదలుపెట్టి, క్రమంగా ఆ 'హ' వినబడనంత తగ్గించండి.

గది కూడా వాద్యంలో భాగమే. పెద్ద చర్చిలో ప్రతిధ్వని మూడు నాలుగు సెకన్లు సాగవచ్చు. అక్కడ సగం నిడివి స్టకాటో కలిసిపోయి వినబడుతుంది, పావు నిడివికి తగ్గించాలి. గోడలకు మెత్తలు వేసిన రికార్డింగ్ గదిలో అదే పావు నిడివి ఎముకల్లా పొడిగా ఉంటుంది, అక్కడ పెంచాలి. ఇంట్లో టైల్స్ ఉన్న హాలు, పరుపులున్న పడకగది, ఈ రెండు చోట్లా ఒకే వరుస ఫోన్‌లో రికార్డు చేసి పోల్చి వినండి. రికార్డింగ్ అలల బొమ్మ చూపించే యాప్ ఏదైనా ఉంటే ఇంకా మంచిది. స్వరాల మధ్య ఖాళీలు సమానంగా ఉన్నాయా లేదా కంటికే కనబడుతుంది. వేలు మారిన చోట, తీగ మారిన చోట ఖాళీ తగ్గుతుంటే మీ సాధన ఎక్కడ చేయాలో తెలిసిపోయినట్టే.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: స్టకాటో పది నిమిషాలు వాయిస్తే ముంజేయి బిగుసుకుపోతోంది.)

స్వరం మోగేటప్పుడు కాదు, మౌనంలో బిగిస్తున్నారు. ఖాళీలో చెయ్యి పూర్తిగా వదులు కావాలి. పియానోలో అయితే ఒక స్వరం వాయించి, వదిలి, మోచెయ్యి వదులైందని తెలిశాకే రెండోది. నాలుగేసి స్వరాల గుంపులు చేసి, గుంపు తర్వాత ఒక పూర్తి తకధిమి ఖాళీ ఉంచండి. వేగం మెట్రోనోమ్‌లో నాలుగేసి గీతలు మాత్రమే పెంచండి. నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. నొప్పి మీదే వాయిస్తే బిగుసుకోవడమే అలవాటవుతుంది.

(ప్రశ్న: కీబోర్డులో స్ట్రింగ్స్ టోన్ పెట్టి స్టకాటో వాయిస్తే అసలు వినబడడం లేదు. కీబోర్డు చెడిందా?)

చెడలేదు. కొన్ని స్ట్రింగ్స్ టోన్లు మెల్లగా ఉబ్బుతూ పూర్తి బలానికి రావడానికి అర సెకను దాకా పడుతుంది. మీరు పావు సెకనుకే వదిలేస్తే అది పైకి రాకముందే చచ్చిపోతుంది. అదే జాబితాలో స్టకాటో స్ట్రింగ్స్ అనో పిజికాటో (తీగ మీటిన ధ్వని) అనో వేరే టోన్ ఉందేమో చూడండి. ఎటాక్ సమయం (స్వరం పూర్తి బలానికి చేరే సమయం) మార్చుకునే వీలుంటే దాన్ని బాగా తగ్గించండి. రెండూ లేకపోతే ఆ టోన్‌ని నిడివి స్వరాలకు ఉంచుకుని, చుక్కలున్న వరుసకు పియానో గానీ హార్ప్ గానీ పెట్టుకోండి.

(ప్రశ్న: చుక్కలు మొదటి రెండు బార్లలోనే ఉండి తర్వాత లేకపోతే మామూలుగా వాయించాలా?)

అదే తరహా వరుస కొనసాగుతుంటే, స్లర్లు గానీ వేరే గుర్తులు గానీ రానంతవరకు, అలాగే స్టకాటోగా సాగించండి. చాలామంది స్వరకర్తలు ప్రతి తలకాయ మీదా చుక్క పెట్టే ఓపిక లేక మొదటి బార్లలోనే పెట్టి వదిలేస్తారు. కొందరు 'అదే విధంగా' అని ఇటాలియన్‌లో సిమిలే అని రాస్తారు. వరుస స్వభావం మారినచోట, ఉదాహరణకు స్వరాలు నిడివిగా పరుచుకున్నచోట, మానేయండి. అనుమానముంటే అదే వరుస రెండోసారి వచ్చిన చోట గుర్తులు ఎలా ఉన్నాయో చూడండి, చాలాసార్లు అక్కడ జవాబు దొరుకుతుంది. పెన్సిల్‌తో రాసుకోండి, పెన్నుతో వద్దు. వచ్చే ఏడాది మనసు మారవచ్చు.